ఇచ్చిన నాడే రాసుకోవాలి



2007లో అమెరికాలో ఒక భార్యాభర్తలు తాము వెళ్ళే చర్చికి ఏడాది పొడుగునా చెక్కులు రాసి ఇచ్చారు. అన్నీ కలిపితే ఇరవై రెండు వేల డాలర్ల పైచిలుకు. మరుసటి జనవరిలో చర్చి వాళ్ళు ఉత్తరం ఇచ్చారు, మీ దగ్గర్నుంచి 22,517 డాలర్లు ముట్టాయని. ఆ ఉత్తరం చూసుకుని ఆ దంపతులు టాక్స్ రిటర్నులో విరాళాలను ఆదాయంలోంచి తగ్గించుకున్నారు. అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ కుదరదంది. కారణం, ఆ ఉత్తరంలో ఒక వాక్యం లేదు. ఈ విరాళానికి బదులుగా దాతకు మేము ఏ వస్తువూ, ఏ సేవా ఇవ్వలేదు అనే వాక్యం. చర్చి 2009 జూన్‌లో ఆ మాట చేర్చి ఇంకో ఉత్తరం రాసిచ్చింది. వ్యవహారం టాక్స్ కోర్టుకెక్కింది. 2012లో తీర్పు వచ్చింది. మొదటి ఉత్తరంలో ఉండాల్సిన వాక్యం లేదు, రెండో ఉత్తరం రావాల్సిన గడువులోపు రాలేదు, కాబట్టి రెండూ చెల్లవన్నారు. ఆ చెక్కులన్నీ బ్యాంకులో మారిన చెక్కులే. అయినా ఫలితం లేకపోయింది.

ఈ కేసు తలుచుకున్నప్పుడల్లా నాకు మనవాళ్ళు గుర్తొస్తారు. ఎడిసన్‌లోనో, ఫ్రిస్కోలోనో, ఫ్రీమాంట్‌లోనో ఉంటూ గుడికి, బడికి, తెలుగు సంఘానికి ఉదారంగా ఇచ్చే కుటుంబాలు. ఇవ్వడంలో లోటు చేయరు. ఇచ్చింది రాసుకోవడంలోనే అశ్రద్ధ. రిటర్ను గడువు ఏప్రిల్ పదిహేను దగ్గర పడ్డాక, పన్ను లెక్కలు చూసే సీపీఏ అడిగితే, మొత్తం మీద ఒక మూడు వేలు ఇచ్చి ఉంటామండీ అంటారు. ఆ మాట నిజమే అయి ఉండొచ్చు. కాని నిజం వేరు, రుజువు వేరు. పన్ను చట్టం అడిగేది రుజువు, అది కూడా సకాలంలో పుట్టిన రుజువు. ఇవాళ్టి ప్రసంగమంతా ఆ రుజువు గురించే.

ముందు ఒక లెక్క చూద్దాం. అమెరికాలో పన్ను కట్టేవాళ్ళకు రెండు దారులుంటాయి. ఒకటి స్టాండర్డ్ డిడక్షన్. ఏ రసీదూ లేకుండా, ఎవరూ ఏమీ అడగకుండా, ఆదాయంలోంచి ఇంత అని తీసేస్తారు. 2025 సంవత్సరానికి కలిసి రిటర్ను వేసే భార్యాభర్తలకు అది 31,500 డాలర్లు, ఒంటరివాళ్ళకు 15,750. రెండోది ఐటమైజ్ చేయడం. ఇంటి అప్పు మీద వడ్డీ, రాష్ట్రానికి కట్టిన పన్నులు, ప్రాపర్టీ టాక్స్, విరాళాలు, ఒక హద్దు దాటిన వైద్యం ఖర్చు, వీటిని షెడ్యూల్ ఏ అనే కాగితం మీద పద్దుల వారీగా చూపించి తగ్గించుకోవడం. రెండింట్లో ఏది పెద్దదైతే అది తీసుకోవచ్చు.

2017 దాకా పదిమందిలో ముగ్గురు రెండో దారిలో వెళ్ళేవారు. 2018 నుంచి చట్టం మారింది. స్టాండర్డ్ డిడక్షన్ దాదాపు రెట్టింపయింది, రాష్ట్ర, స్థానిక పన్నులు ఎంత కట్టినా పది వేల డాలర్లకు మించి చూపించకూడదన్నారు. దాంతో ఐటమైజ్ చేసేవాళ్ళు పదిమందిలో ఒకరికి దిగిపోయారు. ఉద్యోగం కోసం సొంత డబ్బుతో కొన్న లాప్‌టాప్, యూనిఫాం లాంటి పద్దులూ అప్పుడే పోయాయి, ఉద్యోగులకు ఇప్పటికీ దాదాపుగా తిరిగి రాలేదు. ఎలాగూ పనికిరావు కదా అని జనం రసీదులు దాచడమే మానేశారు. ఆ ఏడేళ్ళలో ఇల్లు కొన్న మనవాళ్ళు చాలామందికి ఈ అలవాటు అసలు పుట్టనే లేదు.

2025 జూలైలో చట్టం మళ్ళీ మారింది. ఆ పది వేల హద్దు 2025కు నలభై వేలయింది. 2026కు 40,400. ఆదాయం ఐదు లక్షల డాలర్లు దాటినవాళ్ళకు ఇది తగ్గుతూ వస్తుంది. 2030లో మళ్ళీ పది వేలకే వస్తుంది. అంటే ఈ వెసులుబాటు ఐదేళ్ళది.

దీనివల్ల ఏం మారిందో ఒక ఊహాకుటుంబం మీద చూద్దాం. న్యూజెర్సీలో ఇల్లున్న దంపతులు. రాష్ట్ర ఆదాయపు పన్ను పదకొండు వేలు, ప్రాపర్టీ టాక్స్ పన్నెండు వేలు, ఇంటి అప్పు మీద వడ్డీ పధ్నాలుగు వేలు, విరాళాలు మూడు వేలు. 2024లో అయితే మొదటి రెండూ కలిపి పది వేలకే లెక్క. మొత్తం ఇరవై ఏడు వేలు. ఆ ఏడు స్టాండర్డ్ డిడక్షన్ 29,200. రసీదులు ఉన్నా లేకపోయినా ఒకటే. 2025లో అవే పద్దులు నలభై వేలవుతాయి. స్టాండర్డ్ కంటే 8,500 ఎక్కువ. వాళ్ళు ఇరవై నాలుగు శాతం శ్లాబులో ఉంటే 2,040 డాలర్ల పన్ను తగ్గుతుంది. అందులో ఆ మూడు వేల విరాళం వాటా ఏడు వందల ఇరవై డాలర్లు. రసీదు లేకపోతే ఆ ఏడు వందల ఇరవై పోయినట్టే. మిగతా పద్దులకు ఎవరో ఒకరు కాగితం పంపిస్తారు. వడ్డీకి బ్యాంకు నుంచి ఫారం 1098 వస్తుంది, రాష్ట్ర పన్ను డబ్ల్యూ-2 లోనే ఉంటుంది, ప్రాపర్టీ టాక్స్ బిల్లు టౌను ఆఫీసులోనో, కౌంటీ ఆఫీసులోనో దొరుకుతుంది. విరాళం ఒక్కటే పూర్తిగా మన చేతిలో ఉన్న పద్దు. అందుకే దాని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

ఒకప్పుడు న్యాయస్థానాలు ఇంత బిగువుగా ఉండేవి కావు. బ్రాడ్‌వే నాటకరంగంలో జార్జ్ ఎం. కోహన్ అని పేరుమోసిన నటుడు, పాటల రచయిత ఉండేవాడు. వృత్తి కోసం ఊళ్ళు తిరగడానికి, విందులకు చాలా ఖర్చు పెట్టాడు, లెక్కలు మాత్రం రాయలేదు. పన్ను అధికారులు మొత్తం కొట్టేశారు. 1930లో అప్పీలు కోర్టులో జడ్జి లెర్నెడ్ హ్యాండ్, ఖర్చు జరిగిన మాట ఖాయమైనప్పుడు మొత్తం కొట్టేయడం తగదు, ఉజ్జాయింపుగా కొంతైనా ఇవ్వాలి, లెక్క రాయకపోవడం అతని తప్పే కాబట్టి ఆ ఉజ్జాయింపు అతనికి వ్యతిరేకంగానే కట్టొచ్చు అన్నారు. ఆ తీర్పు పేరు ఇప్పటికీ వినిపిస్తుంది. అయితే దాన్ని నమ్ముకుని విరాళాలకు ఉజ్జాయింపు రాస్తే కుదరదు. 1993లో కాంగ్రెస్ చట్టం చేసింది, ఒక్కసారిగా 250 డాలర్లు గాని అంతకు మించి గాని ఇస్తే సంస్థ నుంచి రాతపూర్వకమైన రసీదు ఉండి తీరాలని. 2006లో ఇంకా బిగించారు. నగదు విరాళం ఎంత చిన్నదైనా సరే, బ్యాంకు రికార్డో, సంస్థ ఇచ్చిన కాగితమో ఉండాలన్నారు. కాబట్టి హుండీలో వేసిన ఇరవై డాలర్ల నోటు పుణ్యం ఖాతాలోకే వెళ్తుంది, షెడ్యూల్ ఏ లోకి రాదు. అదే ఇరవై కార్డు మీద గాని చెక్కు మీద గాని ఇస్తే వస్తుంది.

250 డాలర్లు, ఆపై విరాళానికి ఇచ్చే రసీదులో ఏముండాలో చెబుతాను, వీలైతే కాగితం, కలం తీసుకోండి. సంస్థ పేరు. మీరిచ్చిన మొత్తం. బదులుగా మీకేమైనా ఇచ్చారా లేదా అన్న వాక్యం, ఇస్తే దాని విలువ. గుడిలో పూజ, అర్చన లాంటివి ఆధ్యాత్మిక ప్రయోజనం కిందికి వస్తాయి, వాటికి విలువ కట్టనక్కర్లేదు. అయితే ఆ సంగతి రసీదులో ఉండాలి. గాలా డిన్నర్‌కు మూడు వందలు పెట్టి టిక్కెట్టు కొంటే, అందులో భోజనం విలువ ఎనభై అనుకుంటే, విరాళం కింద వచ్చేది రెండు వందల ఇరవయ్యే. లాటరీ టిక్కెట్టు విరాళం కాదు. ఈ రసీదు మీరు రిటర్ను వేసే రోజుకి మీ చేతిలో ఉండాలి. రిటర్ను ఆలస్యంగా వేసినా, పొడిగింపుతో కలిపిన ఆఖరి గడువు దాటకూడదు. ఆడిట్ ఉత్తరం వచ్చాక గుడి ఆఫీసుకు పరుగెత్తి తెచ్చుకున్న రసీదు ఎంత నిజమైనదైనా పనికిరాదు. ఇది కఠినమైన నియమమని నేనూ ఒప్పుకుంటాను. ఇచ్చినవాడి చిత్తశుద్ధికి ఇందులో చోటు లేదు. కాని నియమం అదే, కోర్టులు దాన్ని అక్షరాలా పాటిస్తున్నాయి.

బట్టలు, సామాన్లు గుడ్‌విల్ లాంటి సేవాసంస్థల్లో ఇచ్చేవాళ్ళకు ఇంకో మాట. కారు డిక్కీలోంచి సంచులు దించాక అక్కడి మనిషి ఒక చిన్న రసీదు ఇస్తాడు. దాని మీద సాధారణంగా సంస్థ పేరు, తేదీ తప్ప ఏమీ ఉండదు. వస్తువుల గడులు ఖాళీ. వాటిని మనమే నింపాలి, ఆ రోజే నింపాలి. సంచులు కట్టేముందు బట్టలన్నీ మంచం మీద పరిచి ఒక ఫోటో తీయండి. పిల్లల చొక్కాలు పది, స్వెటర్లు నాలుగు, ప్రెషర్ కుక్కర్ ఒకటి అని రాయండి. పక్కన ఆ వస్తువు సెకండ్‌హాండ్ దుకాణంలో ఎంతకు అమ్ముతారో ఆ ధర వేయండి, మీరు కొన్న ధర కాదు. చిరిగినవి, మరకలు పడ్డవి లెక్కలోకి రావు. ఇలా ఏడాది మొత్తం మీద వస్తు విరాళాలు 500 డాలర్లు దాటితే ఫారం 8283 జతచేయాలి. మార్చి నెలలో కూర్చుని, నిరుడు నాలుగు సంచులు ఇచ్చాం కాబట్టి ఎనిమిది వందలు అని వేసుకునే అంకె ఉంది చూశారూ, అది అడిగితే నిలబడని అంకె.

శని, ఆదివారాల్లో తెలుగు బడిలో పాఠం చెప్పడానికి కారులో వెళ్ళే స్వచ్ఛంద గురువులున్నారు. ఆ సంస్థ అర్హత ఉన్నదైతే మైలుకు 14 సెంట్లు తగ్గించుకోవచ్చు. తేదీ, చోటు, పని, మైళ్ళు రాసి పెట్టాలి. మీ పిల్లల్ని క్లాసులో దించడానికి వెళ్ళిన మైళ్ళు రావు. మీరు పాఠం చెప్పిన గంటలకు విలువ కట్టడానికి చట్టం ఒప్పుకోదు. కంపెనీ పోర్టల్ ద్వారా విరాళమిస్తే రసీదు ఆ పోర్టల్‌లోంచి దించుకోండి, కంపెనీ కలిపిన వాటాను మీది అనుకోకండి.

ఇక స్వదేశంతో ముడిపడ్డ పద్దులు. వీటి దగ్గరే మనవాళ్ళకు పొరపాట్లు ఎక్కువ.

తిరుమలలో స్వామివారికి సమర్పించింది అమెరికా పన్నులో తగ్గదు. ఊళ్ళో రామాలయం కట్టడానికి పంపింది తగ్గదు, చదువుకున్న జిల్లా పరిషత్ హైస్కూలుకు ఇచ్చింది తగ్గదు. అక్కడి సంస్థలిచ్చే 80జీ రసీదు భారతదేశపు రిటర్నుకే పనికొస్తుంది. అదే వెంకటేశ్వరస్వామికి పిట్స్‌బర్గ్ గుళ్ళో చెక్కు ఇస్తే తగ్గుతుంది, అది అమెరికాలో నమోదైన సంస్థ కాబట్టి. ఏ సంస్థకు అర్హత ఉందో ఐఆర్‌ఎస్ వెబ్‌సైట్‌లో పేరు కొట్టి చూడొచ్చు. గుళ్ళు, చర్చిలు ఆ జాబితాలో లేకపోయినా అర్హత ఉండొచ్చు, ఆఫీసులో అడిగి తెలుసుకోండి.

చెప్పడానికి మనసొప్పని సంగతి ఇంకొకటి ఉంది. రోడ్డు ప్రమాదంలో ఒక విద్యార్థి చనిపోతాడు. రాత్రికి రాత్రి వాట్సాప్ గ్రూపుల్లో లింకు తిరుగుతుంది, తెల్లారేసరికి మృతదేహాన్ని ఇంటికి పంపేంత డబ్బు పోగవుతుంది. అమెరికాలో మన జాతి చేస్తున్న పనుల్లో ఇంతకంటే మంచిది నాకు కనిపించదు. ఆ డబ్బు ఒక కుటుంబానికి నేరుగా వెళ్ళింది కాబట్టి పన్ను లెక్కలో మాత్రం విరాళం కాదు, బహుమతి. తప్పకుండా ఇవ్వండి. షెడ్యూల్ ఏ లో మటుకు రాయకండి.

హైదరాబాదు ఆసుపత్రిలో అమ్మకు చేయించిన ఆపరేషన్ ఖర్చూ అంతే. ఆవిడ అక్కడే ఉంటూ, అమెరికా పౌరురాలు గాని ఇక్కడి రెసిడెంటు గాని కాకపోతే, ఆ ఖర్చు మీ రిటర్నులోకి రాదు. మీరే సెలవులకు వెళ్ళి అక్కడ పళ్ళు కట్టించుకుంటే వస్తుంది, బిల్లు తెచ్చుకుంటే. అయితే వైద్యం ఖర్చు ఆదాయంలో ఏడున్నర శాతం దాటాకే మొదలవుతుంది. లక్షన్నర ఆదాయానికి మొదటి 11,250 డాలర్ల ఖర్చు మీ మీదే. ఇన్సూరెన్సు ఇచ్చింది, వైద్యం కోసం దాచుకునే హెచ్ఎస్ఏ ఖాతా నుంచి కట్టింది కలపకూడదు. ఆరోగ్యంగా ఉన్న కుటుంబాలకు ఈ పద్దు దాదాపు రాదు. పెద్ద జబ్బు వచ్చిన ఏడు మాత్రం ప్రతి బిల్లూ దాచాలి.

చాలామందికి తెలియని పద్దు ఇంకొకటి. కొండాపూర్‌లోనో, విశాఖపట్నంలోనో అప్పు చేసి ఫ్లాట్ కొన్నారు. అద్దెకివ్వలేదు, వెళ్ళినప్పుడు ఉండటానికి అట్టిపెట్టారు. ఆ ఇల్లే ఆ అప్పుకు తనఖా. అది మీ రెండో ఇల్లు అయితే ఆ వడ్డీని ఇక్కడ చూపించుకోవచ్చు. ఇక్కడి అప్పూ అక్కడి అప్పూ కలిపి ఏడున్నర లక్షల డాలర్ల అసలు దాకా. ఆ ఫ్లాటుకు కట్టే ప్రాపర్టీ టాక్స్ మాత్రం రాదు. చిక్కు కాగితం దగ్గర వస్తుంది. భారతదేశంలో బ్యాంకు ఇచ్చే వడ్డీ సర్టిఫికెట్టు ఏప్రిల్ నుంచి మార్చి దాకా. అమెరికా పన్ను సంవత్సరం జనవరి నుంచి డిసెంబరు దాకా. సర్టిఫికెట్టులో అంకెను ఎత్తి ఇక్కడ దించితే తప్పు లెక్క అవుతుంది. జనవరి నుంచి డిసెంబరు దాకా నెలవారీ స్టేట్‌మెంటు తీసుకుని, ప్రతి వాయిదాలో వడ్డీ ఎంతో విడదీసి, ఏ మారకపు రేటుతో డాలర్లలోకి మార్చారో పక్కన రాసి పెట్టండి. ఇది ఏప్రిల్‌లో రాత్రికి రాత్రి అయ్యే పని కాదు.

టెక్సాస్ శ్రోతలకు ఒక మాట. మీకు రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. దాని బదులు సేల్స్ టాక్స్ చూపించుకోవచ్చు. దుకాణం బిల్లులన్నీ కూడబెట్టనక్కర్లేదు, ఐఆర్‌ఎస్ పట్టికలో మీ ఆదాయానికి, కుటుంబానికి తగ్గ అంకె ఉంటుంది. కాని ఆ ఏడు కారు కొంటే దాని మీద కట్టిన సేల్స్ టాక్స్ పైన కలుపుకోవచ్చు. ముప్పై వేల కారు మీద ఆరుంపావు శాతమంటే 1,875 డాలర్లు. కారు కొన్న కాగితం భద్రం.

కొత్తగా వచ్చినవాళ్ళకూ ఈ రసీదుల సంగతి వర్తిస్తుంది. నాన్‌రెసిడెంటుగా రిటర్ను వేసేవాళ్ళకు మామూలుగా స్టాండర్డ్ డిడక్షన్ ఉండదు. భారతీయ విద్యార్థులకు మాత్రం రెండు దేశాల పన్ను ఒప్పందంలోని 21వ అధికరణం వల్ల అది దొరుకుతుంది. ఏడాది మధ్యలో హెచ్-1బి మీద దిగి, ఆ సంవత్సరానికి డ్యూయల్ స్టేటస్, అంటే కొన్నాళ్ళు నాన్‌రెసిడెంటు, కొన్నాళ్ళు రెసిడెంటు అయినవాళ్ళకు అదీ లేదు, పద్దులు చూపించుకోవాల్సిందే. ఐటమైజ్ చేయడం ఇళ్ళున్నవాళ్ళ గొడవ అనుకునే కుర్రవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి. 2026 నుంచి మరో మార్పు ఉంది. స్టాండర్డ్ డిడక్షన్ తీసుకునేవాళ్ళు కూడా నగదు విరాళాల్లో ఒంటరిగా అయితే వెయ్యి, దంపతులైతే రెండు వేల డాలర్ల దాకా తగ్గించుకోవచ్చు. ఐటమైజ్ చేసేవాళ్ళకు మాత్రం ఆదాయంలో అర శాతం దాకా విరాళం లెక్కలోకి రాదు. మొత్తం మీద రసీదు ఇక అందరికీ అవసరమే.

ఎలా రాయాలి అని అడుగుతారు. నోటుపుస్తకమైనా సరే, ఫోనులో ఎక్సెల్ షీటైనా సరే. తేదీ, ఎవరికి, ఎంత, ఎందుకు, ఎలా కట్టారు, రసీదు వచ్చిందా. ఈ ఆరు గడులు చాలు. ఆరో గడి ఖాళీగా ఉన్న సంస్థలకు డిసెంబరు చివర్లో ఒక ఫోను చేయాలి. దుకాణాల్లో, ఫార్మసీల్లో ఇచ్చే థర్మల్ కాగితం బిల్లు ఏడాది తిరిగేసరికి వెలిసిపోతుంది, ఇంటికి రాగానే ఫోటో తీసేయండి. స్పష్టంగా చదవగలిగిన ఫోటో కాపీలను ఐఆర్‌ఎస్ ఒప్పుకుంటుంది. 250 డాలర్ల లోపు విరాళానికి తప్ప, క్రెడిట్ కార్డు స్టేట్‌మెంటు ఒక్కటే చాలనుకోకండి. అది డబ్బు వెళ్ళిందని చెబుతుంది, దేనికి వెళ్ళిందో చెప్పదు.

ఎన్నాళ్ళు దాచాలి? రిటర్ను వేసినప్పటి నుంచి మామూలుగా మూడేళ్ళు. ఆదాయంలో పాతిక శాతానికి మించి చూపించకుండా వదిలేస్తే ఆరేళ్ళ వెనక్కి కూడా అడగొచ్చు, కాబట్టి ఆరేడేళ్ళు ఉంచుకోవడం మంచిది. ఇల్లు కొన్న కాగితాలు, వంటగది మార్పించిన బిల్లులు, కొత్త రూఫు వేయించిన బిల్లులు ఆ ఇల్లు అమ్మేదాకా, అమ్మాక మరో మూడేళ్ళు ఉండాలి.

ఆఖరుగా ఒక విన్నపం. చాలా ఇళ్ళల్లో ఈ కాగితాలు ఒక్కరే చూసుకుంటారు, రెండోవారు సంతకం చేసి ఊరుకుంటారు. కలిసి వేసిన రిటర్నుకు భార్యాభర్తలిద్దరూ పూర్తి బాధ్యులు. ఐఆర్‌ఎస్ ఉత్తరం వస్తే ఇద్దరి పేరు మీదా వస్తుంది. ఈ వారాంతంలో ఒక గంట ఇద్దరూ కలిసి కూర్చోండి. ఏ రసీదు ఎక్కడుందో, ఫోనులో ఫోల్డరు పేరేమిటో, పాస్‌వర్డు ఏమిటో ఇద్దరికీ తెలియాలి.